ల్యాప్‌టాప్ వేడెక్కుట – కారణములు, నివారణ

నేత కుటుంబములలో ల్యాప్‌టాప్ నేడు విలాసవస్తువు కాదు. జకార్డు డిజైన్లు గీయుటకు, జి.ఎస్.టి. లెక్కలు దాఖలు చేయుటకు, దూరపు వ్యాపారులకు చీరల ఫోటోలు పంపుటకు, పిల్లల చదువునకు అదే ఆధారము. షోలాపురం, భివండి, సేలం, బరంపురం వంటి ఊళ్ళలో మనవారి ఇండ్లలో అది మగ్గమునకు నాలుగు అడుగుల దూరములోనే ఉండుట మామూలు. అట్టి యంత్రము పని మధ్యలో చేయి పెట్టలేనంత వేడెక్కి, మందగించి, తుదకు దానంతట అదే ఆగిపోవుచున్నదని పలువురు సభ్యులు మాకు చెప్పుచున్నారు. కొందరు అది పూర్తిగా చెడిపోయినదని తలచి, కొత్తది కొనుటకు అప్పునకు కూడ సిద్ధపడుచున్నారు. అప్పు చేయుటకు ముందు చూడవలసిన సంగతులు కొన్ని కలవు. ఖర్చు లేని వాటితో మొదలుపెట్టి వరుసగా వ్రాయుచున్నాము.

వేడి ఎట్లు పుట్టును, ఎట్లు పోవును?

ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నియు చేయునది ప్రాసెసరు అను చిన్న చిప్పు. అది వాడుకొను విద్యుత్తు దాదాపు అంతయు వేడిగా మారును. ఆ వేడిని తీసుకొనుటకు చిప్పు మీద ఒక రాగి పలక, దానికి అతికి ఒక రాగి గొట్టము ఉండును. గొట్టము చివర మగ్గపు అచ్చులోని పుల్లల వలె దగ్గర దగ్గరగా సన్నని లోహపు రేకులు, వాటి ప్రక్కన చిన్న ఫ్యాను ఉండును. గొట్టములోని కొద్దిపాటి ద్రవము చిప్పు వద్ద ఆవిరియై, రేకుల వద్ద చల్లబడి, మరల ద్రవమై వెనుకకు వచ్చుచుండును. ఫ్యాను సాధారణముగా అడుగు రంధ్రముల నుండి గాలిని పీల్చి, రేకుల సందులగుండా బయటకు నెట్టును.

చాలా ప్రాసెసర్లకు 95 నుండి 105 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు చేరగానే ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికీ వేడి దిగనిచో యంత్రము ఆగిపోవును. ఇది తన్ను తాను కాపాడుకొనుట. కనుక వేడికి ఆగిన యంత్రము చచ్చిన యంత్రమని తొందరపడి అనుకొనరాదు.

మొదటి పరీక్ష: చోటు

పరుపు మీద, బొంత మీద, మడతపెట్టిన బట్టల మీద ల్యాప్‌టాప్ పెట్టినచో అడుగు రంధ్రములు మూసుకొనిపోవును. దానిని గట్టి బల్ల మీద పెట్టి, వెనుక భాగము క్రింద అంగుళము ఎత్తు చెక్కముక్కలు రెండు, రంధ్రములకు అడ్డు రాకుండ పెట్టవలెను. వేడిగాలి వచ్చు వైపు గోడకు ఆనించరాదు. తయారుచేయువారు చాలా ల్యాప్‌టాప్‌లకు గది వేడి 35 డిగ్రీలు మించరాదని చెప్పుచున్నారు. మే నెలలో షోలాపురంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుట అందరికీ తెలిసినదే. కావున బరువైన డిజైను పని తెల్లవారుజామునకో రాత్రికో మార్చుకొనుట మేలు. తడిగుడ్డ చుట్టుట, ఫ్రిజ్‌లో పెట్టుట ఎంతమాత్రము కూడదు. లోపల చెమ్మ పట్టి అసలుకే మోసము వచ్చును.

రెండవ పరీక్ష: పని

విండోస్ యంత్రములో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును కలిపి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందులో సి.పి.యు. అను వరుస మీద నొక్కినచో ఎక్కువ పని చేయించుచున్న ప్రోగ్రాము పైకి వచ్చును. మీరు ఏ పనీ చేయకున్నను అచ్చట సగమునకు మించి చాలసేపు కనబడినచో కారణము వెదకవలెను. బ్రౌజరులో తెరచి మరచిన పుటలు, వెనుక జరుగుచున్న అప్‌డేటు, వైరస్ తనిఖీ సాధారణముగా కనబడును. అప్‌డేటు అయినచో ముగియువరకు వేచియుండిన చాలును. తెలియని పేరు కనబడినచో విండోస్‌తో వచ్చిన సెక్యూరిటీ ప్రోగ్రాముతో తనిఖీ చేయించవలెను. పెద్ద డిజైను నడుచునపుడు వేడి పుట్టుట సహజము. సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ను పొదుపు వైపు మార్చినచో పని కొంత నెమ్మదించును గాని వేడి తగ్గును.

మూడవ పరీక్ష: గాలి

పై రెండును చేసిన తరువాతను ఆగిపోవుచున్నచో, యంత్రము వేడిగా నడుచునపుడు గాలి బయటకు వచ్చు సందు వద్ద అరచేయి ఉంచి చూడవలెను. ఫ్యాను గట్టిగా మ్రోగుచున్నను గాలి సన్నగా వచ్చినచో దారి మూసుకొన్నదని అర్థము. మ్రోత, గాలి రెండును లేనిచో ఫ్యాను చెడినది. గాలి జోరుగా వచ్చుచున్నను చిప్పు వేడి దిగనిచో, చిప్పునకు రాగి పలకకు మధ్య పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చును.

మన ఇండ్లలో ఎక్కువగా అనుమానింపవలసినది మొదటిదే. ఊరి దుమ్ము మట్టి దుమ్ము. మన దుమ్ము నూలు పీచు. కండెలు చుట్టునపుడు, ఆసు పోయునపుడు, నేయునపుడు లేచిన పీచు, గంజి పొడితో కలిసి, రేకుల ముందు ఒకదానినొకటి పట్టుకొని పలుచని కంబళి వలె పరచుకొనును. మా సభ్యుని ఇంట అట్లే జరిగినది. ఆయన కుమార్తె జకార్డు డిజైన్లు గీయు యంత్రము పావుగంటకొకసారి ఆగుచుండగా, బాగుచేయువాడొకడు బోర్డు కాలినది, కొత్తది కొనుడని చెప్పినాడు. మేము తెలిసిన పనివానిచేత అడుగు మూత తీయించి చూడగా, ఫ్యానుకు రేకులకు మధ్య వేలెడు పొడవు పీచుపొర వచ్చినది. అది తీసిన తరువాత యంత్రము ఆగుట మానినది.

శుభ్రపరచు విధము

యంత్రమును పూర్తిగా ఆపి, చార్జరు తీసి, చల్లారనీయవలెను. వారంటీ ఉన్నచో కంపెనీ సర్వీసు కేంద్రమునకే ఇవ్వవలెను. లేనిచో చేయి తిరిగినవారు మూత తీయవచ్చును. మరలు ఒకే పొడవు ఉండకపోవచ్చును కనుక, కాగితము మీద బొమ్మ గీసి ఏ మర ఆ చోట పెట్టుకొనవలెను. ముందుగా బ్యాటరీ తీగ విడదీయవలెను. ఫ్యాను తిరుగకుండ అగ్గిపుల్లతో ఆపి, మెత్తని పొడి బ్రష్షుతోను, చేతి బ్లోయరుతోను పీచు తీయవలెను. ఫ్యానును గాలితో గిరగిర తిప్పినచో దాని బేరింగు చెడవచ్చును. పవర్‌లూమ్ షెడ్డులోని కంప్రెసరు గాలి వాడరాదు. దాని ఒత్తిడి ఎక్కువ, అందులో నీటిచుక్కలు కూడ ఉండును. నోటితో ఊదుట, గంజి కుంచెతో తుడుచుట కూడదు.

పేస్టు మార్చుట, ఫ్యాను మార్చుట పనివానికి అప్పగింపవలెను. అయితే మీ ఎదుటనే మూత తీయుమని అడుగుడు. రేకులు, ఫ్యాను మీ కంటితో చూచిన తరువాతనే బోర్డు మాట వినుడు. ఇచ్చుటకు ముందు డిజైన్లు, లెక్కలు పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించుకొనుడు. యంత్రము మరల కొనవచ్చును గాని, తాతల నాటి అంచులను చూచి గీసిన డిజైను పోయినచో కొనుటకు దొరకదు.

ఒక హెచ్చరిక

టచ్‌ప్యాడ్ పైకి ఉబికినను, అడుగు బల్లకు సమముగా ఆనకున్నను బ్యాటరీ ఉబ్బినదని అనుమానింపవలెను. అట్టి యంత్రమును వెంటనే ఆపి, చార్జింగు పెట్టక, నొక్కక, గుచ్చక, నూలునకు బట్టకు దూరముగా ఉంచి, తెలిసినవారి వద్దకు తీసుకొనిపోవలెను. లిథియం బ్యాటరీ అంటుకొన్నచో ఆర్పుట కష్టము. ఇంటినిండ నూలు ఉన్న మనకు ఇందులో ఉపేక్ష తగదు. మంచి బ్యాటరీ అయినను, రాత్రివేళ నూలు కట్టల మీద చార్జింగు పెట్టి నిద్రపోవు అలవాటు మానవలెను.

మూడు నెలలకొకసారి రంధ్రములను పైపైన బ్రష్షుతో తుడుచుట, ఏడాదికొకసారి మూత తీయించి శుభ్రము చేయించుట మంచిది. పని లేనపుడు ల్యాప్‌టాప్‌ను ఆపి, చల్లారిన తరువాత, గుడ్డ కప్పి ఉంచుడు. కండెలు చుట్టు చోటునకు దూరముగా దానికొక బల్ల కేటాయించుడు.