కరాయా రోడ్డులో స్కాట్లండ్

కోల్‌కతా పాత స్మశానంలో రాళ్లు పగిలిపోతున్నాయి. పేర్లు మిగిలేది ఫొటోల్లోనే

పార్క్ సర్కస్ రద్దీ నుంచి కరాయా రోడ్డులోకి మళ్లితే గోడ వెనుక ఆరెకరాల నిశ్శబ్దం. చెట్లు, తీగలు, ఒరిగిపోయిన సమాధులు. వంగి చూస్తే డండీ నుంచి వచ్చినవారి పేర్లు. 1820లో ఏర్పాటైన ఈ స్కాటిష్ స్మశానవాటికలో 1,600కు పైగా సమాధులున్నాయి. కొన్ని బెంగాలీ క్రైస్తవులవి. 1940ల తర్వాత దీన్ని దాదాపుగా వదిలేశారు. వేళ్లు రాళ్లను చీల్చాయి, వానలు అక్షరాలను తినేశాయి.

2008లో కథ కొంత మారింది. పునరుద్ధరణ కోసం కోల్‌కతా స్కాటిష్ హెరిటేజ్ ట్రస్ట్ ఏర్పడింది. స్కాట్లండ్‌లో చారిత్రక కట్టడాలను నమోదు చేసే రాయల్ కమిషన్ బృందం వచ్చి సమాధుల ఫొటోలు తీసింది. పూర్వీకుల జాడ వెతికే స్కాట్లండ్ కుటుంబాలకు ఇప్పుడు ఈ ఫొటోలే ఆధారం. రాయి పడిపోయినా పేరు పోదు.

ఇంతమంది స్కాట్‌లు ఇక్కడికెందుకొచ్చారు? కొందరు మత ప్రచారానికి, చదువు చెప్పడానికి. పెర్త్‌షైర్‌లోని మౌలిన్ అనే పల్లెలో పుట్టిన అలెగ్జాండర్ డఫ్ 1830లో పెట్టిన బడే నేటి స్కాటిష్ చర్చ్ కాలేజీకి మూలం. జనపనార కోసం వచ్చినవారు ఇంకెందరో. 1855లో రిష్రాలో తొలి మిల్లు వెలిసింది. ఆ తర్వాత హుగ్లీ ఒడ్డు మిల్లుల్లో మేనేజర్లు, ఇంజనీర్లు, ఓవర్‌సీర్లుగా డండీ వాసులే నిండిపోయారు. విచిత్రమేమిటంటే, వారు నిలబెట్టిన ఈ మిల్లులే చివరకు డండీ మిల్లులను దెబ్బతీశాయి.

కోల్‌కతా తన ఫొటోలను మాత్రం అంత జాగ్రత్తగా దాచుకోలేదు. ఫ్రెడరిక్ ఫీబిగ్ 1851 ప్రాంతంలో తీసి, చేత్తో రంగులద్దిన నగర చిత్రాలను ఈస్టిండియా కంపెనీ 1856లో కొనేసింది. అవిప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నగరంలోనే మిగిలినవాటికి అంత అదృష్టం లేదు. బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియోలో 1991లో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నెగటివ్‌లు చాలావరకు కాలిపోయాయి. 1911 ఢిల్లీ దర్బారును చిత్రించిన ఆ స్టూడియో 2016లో మూతపడింది. విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్‌ను 1960లో కూల్చేశారు. దాని భారీ స్తంభాలను చూడాలంటే పాత ఫొటోలే గతి.

అయితే ఫొటో అందరినీ గుర్తుపెట్టుకోదు. కోల్‌కతాకు ఉత్తరాన టీటాగఢ్ మిల్లుల్లో తెలుగు కార్మికులూ పనిచేశారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చిన వీరిని నాటి రికార్డుల్లో 'మద్రాసీ'లని రాసేవారు. అలాంటి గ్రూపు ఫొటోల్లో సాధారణంగా కుర్చీల్లోని దొరలకే పేర్లుంటాయి. వెనుక నిలుచున్నవారు 'కూలీలు'. వారికి కరాయా రోడ్డులో రాళ్లూ లేవు. ఆ మిల్లులను నడిపిన థామస్ డఫ్ కంపెనీ రికార్డులు నేడు డండీ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిని తిరగేసి తన ముత్తాత జాడ వెతకాలంటే టీటాగఢ్ తెలుగువాడు స్కాట్లండ్ దాకా వెళ్లాలి.