బృహదణువుల తూనిక - నానో రేణువుల తోడ్పాటు

కంసాలి త్రాసు గురివెంద గింజ బరువును చూపగలదు. కాని ఒక్క అణువును తూచగల త్రాసు లేదు. అందుచే శాస్త్రజ్ఞులు వేరొక మార్గము నవలంబించిరి. అణువునకు విద్యుదావేశము కల్పించి, శూన్యనాళములో పరుగెత్తించి, ఆ పరుగునుబట్టి దాని ద్రవ్యరాశిని నిర్ణయింతురు. ఇట్టి యంత్రమునకు ద్రవ్యరాశి వర్ణపటమాపకమని పేరు. జె. జె. థామ్సన్ ప్రయోగములతో మొదలైన ఈ విద్యను ఆస్టన్ పెంపొందించెను. 1922లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను.

సమానమైన ఆవేశము గల అయానులను ఒకే విద్యుద్బలముతో త్రోసినచో తేలికయైనవి ముందుగను, బరువైనవి వెనుకగను గమ్యమును చేరును. నాలుగు రెట్లు బరువైన దానికి రెండు రెట్లు కాలము పట్టును. సూత్రమింత సులభము, చిక్కంతయు అణువును ఎగిరించుటయందే కలదు. వాయువులును, సులభముగా ఆవిరియగు ద్రవములును ఈ యంత్రమునకు లొంగెను గాని, మాంసకృత్తులు లొంగలేదు. గ్రుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకట్టునే గాని ఆవిరి కాదు గదా! వేలకొలది పరమాణువులతో కూడిన ఆ గొలుసులు ఎగురుటకు ముందే చెడిపోవును. శరీరవ్యాపారములను నడుపునవి ముఖ్యముగా మాంసకృత్తులే యగుటచే, ఈ చిక్కు తీరువరకు జీవశాస్త్రమునకు ఈ యంత్రమువలన కలిగిన మేలు స్వల్పము.

ఈ చిక్కును విప్పినవారిలో జపాను దేశస్థుడగు కోయిచి తనాకా ఒకడు. క్యోటో నగరమందలి షిమాడ్జు సంస్థలో పనిచేసిన ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. అణువును క్షణమాత్రములో వేడిచేసినచో విరుగుటకు ముందే ఎగురునను ఊహతో, ఆయన బృందము కోబాల్టు పొడిని వాడెను. అందలి రేణువు వ్యాసము సుమారు 30 నానోమీటర్లు. మీటరులో నూరుకోట్లవ వంతు ఒక నానోమీటరు. లోహము తళతళ మెరయునదే యైనను, అంత మెత్తని పొడియైనపుడు నల్లబడి లేసరు కాంతిని చక్కగా గ్రహించును.

1985లో ఒకనాడు ఎసిటోనునకు మారుగా గ్లిసరిను పొరబాటున ఆ పొడిలో కలిసెను. ఖరీదైన పొడిని పారవేయుట వృథాయని తలచి తనాకా దానినే వాడెను. గ్లిసరిను త్వరగా ఆరుటకై లేసరు కిరణమును ప్రసరింపజేయుచు, యంత్రము చూపు గుర్తులను కనిపెట్టుచుండెను. అంతవరకు చిక్కని బి12 విటమిను అణువు చెక్కుచెదరక కానవచ్చెను! 1987 నాటికి ఆ పద్ధతినే 34,000కు మించిన అణుభారము గల మాంసకృత్తును గూడ కొలిచిరి. 2002లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకొనెను.

అదే కాలమున జర్మనీలో కరాస్, హిల్లెన్‌క్యాంప్ అనువారు లోహపు పొడికి మారుగా సేంద్రియ స్ఫటికములను వాడిరి. బృహదణువులకు ఆ పద్ధతియే మిగుల అనుకూలమై వ్యాపించినది. నేడు ఆసుపత్రులలో పెంచిన సూక్ష్మజీవుల జాతిని నిమిషములలో గుర్తించుటకు దానినే వాడుచున్నారు. రోగికి తగిన మందును త్వరగా నిర్ణయించుటకు ఇది ఎంతయు తోడ్పడును.

అయితే చక్కెరలు, ఔషధములు మొదలగు చిన్న అణువులను చూడబోయినచో, ఆ స్ఫటికముల తునకలే గుర్తులను కప్పివేయును. కావున శాస్త్రజ్ఞులు మరల అకర్బన పదార్థముల వైపు చూచిరి. 1995లో గ్రాఫైటును, 1999లో సూక్ష్మరంధ్రములు గల సిలికానును వాడిరి. బంగారపు నానో రేణువులు మున్నగునవియు వాడుకలోనికి వచ్చెను.

నానో రేణువులకు మరియొక బలము వాని ఉపరితలము. ఒక సెంటీమీటరు ఘనమునకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలముండును. దానినే 10 నానోమీటర్ల ఘనములుగా కోసినచో అది 600 చదరపు మీటర్లగును. ఆ విశాలతలముపై కావలసిన అణువులను పట్టియుంచవచ్చును. ఫాస్ఫేటు చేరిన మాంసకృత్తు తునకలను టైటానియం డయాక్సైడు పట్టుకొనును. అయస్కాంత రేణువులకు అంటిన అణువులను అయస్కాంతముతో లాగి, రక్తమునందలి తక్కినవానినుండి వేరుపరుపవచ్చును.

లోపములును లేకపోలేదు. బంగారపు రేణువులు తామే చిట్లి స్వంత గుర్తులను చూపవచ్చును. రేణువులు సమముగా పరచుకొననిచో ఫలితము మారును. తూచదలచిన అణువు ఎట్టిదో ముందెరిగి, దానికి తగిన ఆధారమును ఎంచుకొనుటయే ఈ విద్యయందలి నేర్పు.