జొన్న చేలో కంది సాళ్లు ఎందుకు?

తెలంగాణ, రాయలసీమ మెట్ట పొలాల్లో జొన్న సాళ్ల మధ్య కంది సాళ్లు వేయడం పాత అలవాటు. రెండూ వానాకాలం మొదట్లోనే విత్తుతారు. మరి నీటి కోసం, ఎండ కోసం పోటీ పడవా? పెద్దగా పడవు. జొన్న త్వరగా ఎదిగి, సుమారు 100-110 రోజుల్లో కోతకొస్తుంది. అప్పటిదాకా నెమ్మదిగా పెరిగే కంది, జొన్న కోసేశాక గుబురుగా కొమ్మలు వేస్తుంది. జొన్న పీచు వేర్లు ఎక్కువగా పైమట్టిలో పరుచుకుంటాయి. కంది తల్లివేరు లోతుకు దిగి, వానలు ఆగాక అడుగున మిగిలిన తేమను అందుకుంటుంది.

కంది మొక్కను మట్టితో సహా జాగ్రత్తగా పెకలిస్తే వేర్లకు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉంటుంది. అంటే అది బాగా పనిచేస్తోందన్నమాట. అందులోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగలిగే రూపంలోకి మారుస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెరలు ఇస్తుంది. అయితే ఈ నత్రజని అంతా పక్కనున్న జొన్నకు ఆ ఏడాదే దక్కుతుందనుకోకూడదు. రాలిన ఆకులు, వేర్లు కుళ్లాక తర్వాతి పైరుకే ఎక్కువ మేలు.

జొన్న తోడుంటే కందికి ఎండు తెగులు కూడా తగ్గుతుంది.

చిన్న రైతుకు అన్నిటికంటే ముఖ్యమైనది భరోసా. వానలు తేడా చేసి ఒక పంట దెబ్బతిన్నా, రెండోది ఎంతోకొంత చేతికొస్తుంది. రెండూ పండితే ఇంటికి జొన్నలు, కందిపప్పు, పశువులకు చొప్ప, పొయ్యిలోకి కందికట్టె.