చక్రం మార్చే ముందు మగ్గం రకం తెలుసుకోండి

సోలాపూర్ పూర్వభాగంలో మన నేత కుటుంబాల ఇళ్లలో పాత మరమగ్గాలు నేటికీ నడుస్తున్నాయి. గుడ్డ చిక్కగా రావాలంటే చేంజ్ వీల్ మార్చడం వాడుక. అయితే అంతకుముందే, నేసిన గుడ్డను ముందుకు లాగే పళ్లచక్రాల వరుస ఏ రకమో తెలుసుకోవడం అవసరం.

రాచెట్‌ను కలుపుకొని చక్రాలను లెక్కించండి.

ఐదు ఉంటే, చేంజ్ వీల్ రాచెట్‌తో కలిసి తిరుగుతూ తరువాతి చక్రాన్ని నడుపుతుంది. దీని పళ్లు తగ్గితేనే పేక పోగులు పెరుగుతాయి. 40 పళ్లకు అంగుళానికి 48 పోగులు వస్తూంటే, 60 పోగులకు 32 పళ్ల చక్రం కావాలి.

ఏడు ఉంటే, రాచెట్‌తో స్టాండర్డ్ వీల్ తిరుగుతుంది. చేంజ్ వీల్‌ను అదే నడుపుతుంది. ఇక్కడ పళ్లు పెరిగితేనే పోగులు పెరుగుతాయి. స్టాండర్డ్ వీల్‌కు 36 పళ్లుంటే, సాధారణంగా 60 పోగులకు 60 పళ్ల చక్రమే సరిపోతుంది.

ఒక రకం లెక్క మరొక రకానికి వేస్తే, చిక్కబడవలసిన గుడ్డ పలుచబడుతుంది. సరుకు తిరిగి వస్తుంది, కూలి నష్టమవుతుంది. కనుక మోటారు ఆపి, మొదటి పంటికి సుద్దతో గుర్తుపెట్టి లెక్కించండి. చక్రం బిగించాక నాలుగంగుళాలు నేసి, పోగులు ఎంచి చూసిన పిమ్మటే పని సాగించండి.