బతికి బట్ట కట్టకపోతే?

రేపు తెల్లవారేసరికి ప్రభుత్వంవారు ఊరూరా దండోరా వేయించారనుకోండి. "బట్ట కట్టుకోవడమూ మానడమూ ఇకమీదట ఎవరి ఇష్టం వారిది. వీధిలోకి దిసమొలతో వచ్చినా అడిగే నాథుడు లేడహో!" అని. అప్పుడు మన గోదావరి సీమలో ఏం జరుగుతుంది?

పాఠకులు పత్రికను మడిచి పిల్లలకు అందకుండా అటక మీద పెట్టనక్కరలేదు. పిల్లలు చదవగూడనిదేదీ ఇక్కడ రాయబోవడం లేదు. పోనీ ఇది ఉబుసుపోక చేసిన కొంటె ఊహా అంటే, అదీ కాదు. స్పెయిను దేశంలో 1988లో శిక్షాస్మృతిని సవరించిన తర్వాత వీధిలో నగ్నంగా కనిపించడం దానంతట అది నేరం కాకుండా పోయింది. ఆకాశం విరిగి మీద పడలేదు. జనం ఎప్పటిలాగే చొక్కాలు తొడుక్కుని ఆఫీసులకు పోయారు. కాకపోతే బార్సిలోనా నగరంవారు కొంతకాలం చూసి, 2011లో తమ ఊరి మట్టుకు నిషేధం పెట్టుకున్నారు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోవారి సంగతి మరీ తమాషా. దిసమొలతో తిరగడానికి అక్కడ అడ్డులేని రోజుల్లో, అదే 2011లో, నగరసభవారు ఒక నిబంధన చేశారు. అలా తిరిగే పెద్దమనుషులు నలుగురూ కూర్చునే బల్లల మీద కూర్చోబోయేముందు కింద ఏదో ఒకటి పరుచుకోవాలిట! మరుసటి ఏడు అసలుకే నిషేధానికి ఓటు వేశారనుకోండి. కాని నగ్నంగా తిరిగేవాడికి కూడా ఒక తుండుగుడ్డ తప్పలేదన్న సంగతి మాత్రం నాకు మహా నచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం రావులపాలెంలో అమలాపురం బస్సెక్కి, ఎండకు కాగిన కిటికీ పక్క సీటులో కూర్చున్నవారెవరికైనా ఆ నిబంధనలోని వివేకం ఇట్టే బోధపడుతుంది.

కాబట్టి మన దగ్గర దండోరా వేసినా మొదటి నెలలో పెద్దగా మార్పేమీ రాదని నా నమ్మకం. ప్రభుత్వం అనుమతించినా దోమ అనుమతించదు. కాలవలకు నీళ్ళు వదిలిన దగ్గర్నుంచీ సాయంత్రం ఆరు దాటాక మన డెల్టాలో అరుగు మీద ఒంటి మీద గుడ్డ లేకుండా కూర్చోగల ధీరుణ్ణి నాకు చూపించండి, దణ్ణం పెడతాను. దోమ వదిలితే రోహిణీకార్తె పట్టుకుంటుంది. ఆ రెంటినీ తట్టుకున్నవాడికి జేబు సమస్య ఒకటి ఉంటుంది. సెల్‌ఫోను, కళ్ళజోడు, ఇంటి తాళంచెవి పెట్టుకోవడానికి సంచీ తగిలించుకోక తప్పదు. సంచీ తగిలించాక అది సగం బట్టే గదా.

వ్యాపారం సంగతి మాత్రం ఆలోచించవలసిందే. రాజమహేంద్రవరంలో తాడితోట బట్టల కాంప్లెక్సు, ద్వారపూడి బట్టల దుకాణాలు, ఉప్పాడలో మగ్గం గోతిలో కాళ్ళు పెట్టుకుని జాందానీ చీర మీద ఒక్కొక్క పువ్వూ చేత్తో ఎత్తే నేతగాళ్ళు, వీరందరి గతి ఏమిటి? దిగంబర సన్యాసులుండే దేశంలో చాకలికి పనేమిటని పూర్వులు సంస్కృతంలో చమత్కరించారు. అది చమత్కారం మాత్రమే కాదు, ఒక కుటుంబం పస్తుండే మాట కూడాను. అయితే ఉప్పాడ చీర కట్టుకునేది ఒళ్ళు కప్పుకోవడానికేనని మా ఇంటావిడ ఎదట అనే ధైర్యం నాకు లేదు. అందుకు గజం వాయిలు చాలు. ఆ లెక్కన నేతకు వచ్చిన భయమేమీ లేదు.

అసలు బట్టకు మన సంఘంలో ఉన్న పనులలో ఒళ్ళు కప్పడం ఆఖరిదేమో అనిపిస్తుంది. మా తాతగారి కాలంలో గ్లాస్కో పంచె, పైన జరీ కండువా కనబడితే దూరం నుంచే కామందుగారని తెలిసిపోయేది. పాలేరు ఆయన ఎదటికి వచ్చినప్పుడు తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకునేవాడు, చెప్పులు చేత పట్టుకునేవాడు. రోజంతా మోకాలి లోతు బురదలో గోచీతో ఊడ్చి, కోసి, మోసిన మనిషి అర్ధనగ్నంగా ఉన్నాడని ఏ ఒక్కరికీ తోచలేదు. అదే మనిషి మడమల దాకా పంచె కట్టుకుని పెద్దవీధిలో నడిచివస్తే మాత్రం అందరికీ కళ్ళు ఎర్రబడేవి. 1921 సెప్టెంబరులో మధురలో గాంధీగారు చొక్కా, టోపీ వదిలి కొల్లాయిగుడ్డ చుట్టినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. మన చేలల్లో అది కొత్త వేషం కాదు, తరతరాల వేషం.

తెలుగులో ఈ స్థితికి ఎన్ని మాటలున్నాయో చూడండి. బిత్తల, దిసమొల, బరిబాతల. సంస్కృతంలో అయితే దిగంబరం, దిక్కులే బట్టలని! మాట మారితే మర్యాద మారుతుంది. కూలివాడు దిసమొల, సన్యాసి దిగంబరుడు. వేమన అనగానే మన కళ్ళకు కట్టే బొమ్మ ఒంటి మీద నూలుపోగు లేని యోగిదే. ఆ బొమ్మను చూస్తూనే పిల్లలు పద్యాలు వల్లిస్తారు. పిఠాపురంలో పాత జైన విగ్రహాలను సన్యాసి దేవుళ్ళని కొలిచేవారట. దేవుడి రథం మీద, గోపురం మీద ఉన్న బొమ్మలను చూసి ఇవేమిటని అడిగిన పిల్లవాడికి, దిష్టి తగలకుండా అని చెప్పి తలవంచుకుని నడవడం మన ఇళ్ళల్లో అలవాటే. 1965లో హైదరాబాదు నుంచి మొదటి సంపుటి తెచ్చిన ఆరుగురు కవులు తమను దిగంబర కవులన్నారు, ఒకరైతే నగ్నముని అనే పేరే పెట్టుకున్నారు. వారు విప్పదలచింది సంఘం వేసుకున్న వేషాలనే గాని తమ చొక్కాలు కావు. అయినా ఆ పేరుకే చాలామంది పండితులు చెవులు మూసుకున్నారు.

ఇంతకూ నేను చెప్పవచ్చేది ఏమంటే, ఈ అనుమతి మన దేశంలో కొందరికి ఎప్పట్నుంచో ఉన్నదే. దేవుడికి ఉన్నది. సాధువుకు ఉన్నది. మగవాడికి రేవులో ఉన్నది. కోటిలింగాల రేవులో మొలతాడూ గోచీతో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చే పెద్దాయనను నగ్నంగా ఉన్నాడని ఎవరంటారు? లేనిదల్లా ఆడవాళ్ళకు. పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి రాజభవనాన్నీ బట్టనూ కూడా వదిలి, జుట్టే కప్పుగా శ్రీశైలం చేరిందని చెబుతారు. అలాంటి కథ ఒక్కటి చెప్పుకోవడానికి మనకు ఎనిమిది వందల ఏళ్ళ వెనక్కి పోవలసివచ్చింది.

ఇక్కడ మా ఇంట్లో సంగతి ఒకటి చెప్పాలి. మా తాతగారి మేనత్త ఒకావిడ ఉండేది. ఇంటిల్లిపాదీ ముత్తవ అనేవారు. పన్నెండో ఏట పసుపుకుంకాలు పోయాయి. అప్పట్నుంచీ తల మీద జుట్టు లేదు, ఒంటి మీద రవిక లేదు. తెల్లటి ముతకబట్ట ఒక్కటే. వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరులోనే వితంతు వివాహం జరిపించారు గాని, ఆ గాలి మా అగ్రహారం దాకా రాలేదు. నేను పుట్టేనాటికి ఆవిడ లేదు. మా అమ్మ కొత్తకోడలుగా వచ్చిన ఏడు ధనుర్మాసం చలిలో ముత్తవ భుజాలు రెండు చేతులతో పట్టుకుని వంటింట్లో తిరుగుతుంటే చూడలేక, కుట్టుమిషను మీద వదులుగా ఒక తెల్లరవిక కుట్టి ఇచ్చిందట. "నాకెందుకే అమ్మాయ్, నలుగురూ వింటే ఏమంటారు?" అని ఆవిడ అది తీసుకుపోయి ఎక్కడో పెట్టేసింది. కొన్నాళ్ళకు మా అమ్మ కనిపెట్టింది. మధ్యాహ్నం మగవాళ్ళు అరుగుల మీదికి పోయాక, ముత్తవ కొట్టుగదిలో గడియ వేసుకుని, ఆ రవిక తొడుక్కుని దీపపు వత్తులు చేసుకునేదట. వీధి తలుపు చప్పుడైతే తీసి బియ్యపు డబ్బా వెనక దాచేదట. ఆవిడ పోయిననాడు అది అక్కడే, నాలుగు మడతలు పెట్టి, దొరికిందట.

విప్పడానికి అనుమతి ఉంటే బతుకు ఎలా మారుతుందని పాశ్చాత్యులు అడుగుతున్నారు. తొడుక్కోవడానికి అనుమతి లేక దొంగచాటుగా తొడుక్కున్న మనిషి మా ఇంట్లో ఉన్నది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము మీద గుడ్డ వేసుకునే హక్కు కోసం దశాబ్దాల తరబడి దెబ్బలు తిని, 1859లో రాజుగారి ప్రకటన తెచ్చుకున్నారు. వారి పోరాటం కూడా కప్పుకోవడానికే.

ఆమధ్య మా డిగ్రీ తరగతిలో సభాపర్వం చెబుతున్నాను. నన్నయగారు పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో, ఈ గోదావరి ఒడ్డునే, ద్రౌపదీ వస్త్రాపహరణాన్ని తెలుగు చేశారు. ఈ ఊళ్ళో ఆ ఘట్టం చెబుతుంటే నాకెప్పుడూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పాఠం మధ్యలో ఒక కుర్రవాడు లేచి, "సార్, ఒక సందేహమండి. ఎవరెలా తిరిగినా తప్పులేని రాజ్యమైతే, దుశ్శాసనుడు చేసింది తప్పు కాకుండా పోతుందాండీ?" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేను జవాబు వెతుక్కునే లోపల వెనక బల్ల మీది అమ్మాయి కూర్చున్నచోటు నుంచే, "అప్పుడూ తప్పేనండి. ఆవిడ విప్పమని అడగలేదు గదండి" అన్నది. నవ్వు ఆగిపోయింది. మూలభారతంలో ఆ సభలోనే పాండవులు ఐదుగురూ తమ ఉత్తరీయాలు తామే తీసి పెట్టి కూర్చున్నారు. దాన్ని ఎవరూ పర్వంగా చెప్పుకోలేదు. పర్వమంతా ఆ ఒక్క చీర చుట్టూనే తిరిగింది.

మన చట్టం కూడా ఆ అమ్మాయి మాటే అంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత తిరగేసి చూశాను. 296వ సెక్షను ప్రకారం నలుగురిలో అశ్లీలంగా ప్రవర్తించి ఇతరులకు చికాకు కలిగిస్తే మూడు నెలల దాకా ఖైదు, లేదా వెయ్యి రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. బట్ట ఇన్ని మూరలుండాలని అందులో ఎక్కడా లేదు. నగ్నచిత్రమైనంత మాత్రాన అశ్లీలం కాదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అదే సంహితలో 76వ సెక్షను చూడండి. స్త్రీని వివస్త్రను చేయాలని చేయి చేసుకుంటే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా శిక్ష. అందుకు పురికొల్పినవాడికీ అంతే. దుశ్శాసనుడితోపాటు, చీర వలవమన్న కర్ణుడికీ తప్పదన్నమాట. 77వ సెక్షను చాటుగా చూసేవాడికీ, ఫోటో తీసేవాడికీ: మొదటిసారి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ దాకా. దళితులను, గిరిజనులను బలవంతంగా వివస్త్రులను చేసి ఊరేగించడం నేరమని 1989 నాటి చట్టంలో ప్రత్యేకంగా రాయవలసివచ్చిందంటే, ఎవరి బట్ట మీద ఎవరి చేయి పడుతూ వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

అంచేత దండోరా వేసిన తర్వాత మన వీధుల్లోకి ముందుగా వచ్చేది దిసమొల మనుషులు కాదు, చేతిలో కెమెరా ఫోను ఉన్న మనుషులు. ఆ సంగతి ఆడవాళ్ళకు నేను చెప్పాలా? మొన్న మొన్నటిదాకా పొద్దుగూకాక కాలవగట్టు మీద బస్సు వస్తుంటే, దీపాల వెలుగు పడగానే చెంబులతో గబగబా లేచి నిలబడే ఆడవాళ్ళ వరసను మనమందరమూ చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాము. అది అక్కడ ఎవరి అనుమతితో జరిగింది?

రేవుల్లో ఇప్పటికీ చూడండి. కార్తీకమాసం తెల్లవారుజామున మగవాడు మునిగి లేచి, తువాలు చుట్టి, మెట్ల మీదే బట్ట మార్చుకుంటాడు. ఆడవాళ్ళు తడిచీరతో గజగజలాడుతూ ఒడ్డున గుమిగూడతారు. నలుగురు చుట్టూ చేరి చీర అడ్డం పడితే మధ్యన ఒకావిడ మార్చుకుంటుంది. తర్వాత ఆవిడ పట్టుకుంటే ఇంకొకావిడ. చీర పట్టుకున్నవాళ్ళ కళ్ళన్నీ బయటికే, మెట్ల మీద ఎవరి చేతిలో ఫోను ఎటు తిరిగిందా అని. 2015 పుష్కరాలు పన్నెండు రోజులు జరిగాయి, మళ్ళీ 2027లో వస్తున్నాయి. పుష్కరాలంటే తడికెలో రేకులో అడ్డం పెడతారు. మామూలు కార్తీకానికి ఎవరు పెడతారు?

ఈ వ్యాసం ఇంతవరకు రాసి మా ఇంటావిడకు వినిపించాను. పచ్చడి నూరుతూ అంతా విన్నది. "స్పెయినువాళ్ళ సంగతి బాగానే ఉందిగాని ఏమండీ, మన రేవులో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది ఒకటుంది, దానికి ఎప్పుడూ తాళమే. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కాస్త కనుక్కుంటారూ?" అన్నది.

సాయంత్రం వెళ్ళి కనుక్కున్నాను. రేవు మీది టీకొట్టు అతని దగ్గర ఉన్నది. లోపల అతని గ్యాసు బండలూ పాల క్యానులూ ఉన్నాయి. కార్తీకం రద్దీ కదా మాస్టారూ, వెళ్ళగానే ఖాళీ చేస్తానన్నాడు.