పడవెక్కితే గుండెదడ
ఈత వచ్చినవారికీ తప్పని బెదురు

సరూర్‌నగర్: దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి కర్మన్‌ఘాట్ వైపు వెళితే దారిలో సరూర్‌నగర్ చెరువు కనిపిస్తుంది. 1626లో తవ్వించిన చెరువంటారు. ఒకప్పుడు పొలాలకు నీరిచ్చిన ఈ చెరువు చుట్టూ ఇప్పుడు కాలనీలే. కట్ట మీద నిలబడి నీళ్ళు చూడమంటే అందరూ చూస్తారు. ఎక్కడైనా సరే, పడవెక్కి నడిమధ్యకు పోదాం రమ్మంటే మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో పని గుర్తుకొస్తుంది.

ఈతరాని వాడు బెదరడంలో వింత లేదు. మోటబావి గట్టు మీది నుంచి దూకిన గజఈతగాడు కూడా పడవలో కాలు పెట్టగానే రెండు చేతులా అంచులు పట్టుకుని బిగుసుకుపోవడమే వింత. ఒకరికి చిన్ననాడే జాతకంలో జలగండం ఉందన్నారు. ఇంకొకరు ముగ్గురుగా ఎక్కరు, నాలుగో మనిషి వచ్చేదాకా గట్టునే కూర్చుంటారు. చెప్పులు విడిచి గంగమ్మకు దండం పెట్టేవారు, రూపాయి బిళ్ళ నీళ్ళలో వేసేవారు సరేసరి. పడవలో ఎవరైనా "మునుగుతుందేమో" అన్నారంటే కొట్టినంత పని చేస్తారు. గుర్రపుడెక్క వేరు చేతికి తగిలితే అది పామే! చెరువు ఏటా ఒకరిని తీసుకుంటుందన్న మాట వినని ఊరు జిల్లాలో ఉండదేమో.

దండం పెడితే పడవకు వచ్చే నష్టమేమీ లేదు. బిగుసుకుపోవడం మాత్రం అలా కాదు. కయాక్ అనే సన్నని పడవ ఉంది. ఒక్కరే కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునేది. అందులో నడుము బిగపట్టినవాడు పడవతో పాటే ఒరిగి నీళ్ళలో పడతాడు. నడుము వదులుగా ఉంచినవాడి కింద పడవ ఊగుతుంది, వాడు ఊగడు. నెత్తిన బిందె పెట్టుకుని గట్టు వెంట నడిచే ఆడవారిని చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నడుము కదులుతుంది, బిందె కదలదు.

ఈ కయాక్ మంచుదేశాలది. గ్రీన్‌లాండ్ వేటగాళ్ళు సీల్ అనే సముద్రజంతువు తోలుతో కట్టుకునేవారు. అందులోనే పుట్టి పెరిగినట్టుండే ఆ వేటగాళ్ళకు కూడా ఒక విచిత్రమైన భయం పట్టుకునేదని డెన్మార్క్ వైద్యులు పంతొమ్మిదో శతాబ్దంలోనే రాశారు. తుఫానులో కాదు. గాలి లేని రోజున, అద్దంలాంటి నీళ్ళ మీద, ఎండ కళ్ళలో కొడుతుండగా ఒంటరిగా కదలకుండా కూర్చున్నప్పుడు! పడవలోకి నీళ్ళు వచ్చేస్తున్నట్టు, కాళ్ళు చల్లబడుతున్నట్టు, ఒడ్డు ఎంత దూరమో తెలియనట్టు అనిపించేది. చేయి ఆడేది కాదు. కాస్త గాలి వీచి నీరు కదిలినా, తోటి వేటగాడు తన పడవను ఆనించినా చాలు, భయం వదిలిపోయేది. ఈ దెబ్బతో వేటే మానుకున్నవారూ ఉన్నారట. వారిని ఎవరు పిరికివారనగలరు?

మన దగ్గరికి వస్తే, భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట ఉంటున్నాయి. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరామ్‌నగర్ వంటి చోట్ల వీధులే కాలువలయ్యాయి. ఇటువంటి వేళల్లో మెట్ల మీది నుంచి పడవలోకి దిగడానికి జంకే మనిషే, తన వీధే కదా అని నడుం లోతు నీళ్ళలో నడిచి పోతాడు. ఆ నీటి కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే కనబడదు. ఆ వానకు నెల ముందే, సెప్టెంబరులో, సరూర్‌నగర్‌లో స్కూటరుతో వెళుతూ వరదలో కొట్టుకుపోయిన వ్యక్తి మృతదేహం మర్నాడు చెరువులో దొరికింది. ఆయన ఏ పడవా ఎక్కలేదు.

పడవ ప్రమాదాలు లేవని కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పడవను ఎవరూ మరచిపోలేదు. అందుకే లైఫ్ జాకెట్ తొడుక్కోమనేది. ఉక్కపోస్తుందని, ఫోటోలో బాగుండదని దాన్ని విప్పి ఒళ్ళో పెట్టుకునేవారు ఎందరో. బావిలో ఈత నేర్చేటప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టించుకున్నవారే వీరిలో చాలామంది. బుర్రకు లేని నామోషీ జాకెట్‌కు ఎందుకో! తొడుక్కున్నా పట్టీలు బిగించకపోతే లాభం లేదు. నీళ్ళలో పడగానే మనిషి కిందికి జారతాడు, జాకెట్ తల మీదుగా పైకి వచ్చేస్తుంది.