భుజాన్ని తన్నని తుపాకి

బ్యాంకు గుమ్మంలో కాపలా మనిషి భుజాన వేలాడే పన్నెండు బోరు తుపాకిని అమలాపురంలోనో రాజోలులోనో చూసే ఉంటారు. దాన్ని కాల్చినవాళ్లకు ముందుగా గుర్తుండేది భుజం నొప్పి. ఒక్క తూటాలోంచి సుమారు 32 గ్రాముల సీసపు గుళ్లు సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో ముందుకు పోతాయి. అంత ఊపూ వెనక్కి కూడా రావాల్సిందే. సైనికుడి మామూలు రైఫిల్ తన్నుకి ఇది రెండింతల పైమాటే. అలాంటి తుపాకిని ఆగకుండా కాల్చాలంటే మనిషి నిలబడగలడా?

ఆగకుండా కాల్చాల్సిన ఆ అవసరం యుద్ధాల్లోంచే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు వించెస్టర్ 1897 తుపాకులతో కందకాల్లోకి దిగారు. ఈ ఆయుధం అనవసరమైన బాధ పెడుతోందని 1918 సెప్టెంబరులో జర్మనీ అభ్యంతరం చెప్పింది; అమెరికా ఒప్పుకోలేదు. తర్వాత మలయా, వియత్నాం అడవుల్లోనూ ఇవి పనిచేశాయి. పొదలోంచి శత్రువు హఠాత్తుగా ఎదురైతే గురి చూసే వ్యవధి ఉండదు, గుళ్లు చెదిరిపోవడమే అక్కడ మేలు.

వియత్నాం యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1972లో, మాక్స్‌వెల్ ఆచిసన్ అనే అమెరికన్ తన ఆటోమేటిక్ షాట్‌గన్‌ను, అంటే ఆగకుండా కాల్చే గుళ్ల తుపాకిని, రూపొందించాడు. 1987లో దాని హక్కులు టెన్నెసీకి చెందిన జెర్రీ బేబర్ సంస్థ కొన్నది. ఏళ్ల తరబడి మార్పులు చేసి ఏఏ-12గా తీర్చిదిద్దింది. బరువు సుమారు 5 కిలోలు, నిమిషానికి 300 తూటాల వేగం, పెద్ద డ్రమ్ములో 32 తూటాలు.

దీని అసలు నేర్పు బోల్టు (తూటా వెనక కదిలే ఇనుప దిమ్మ) నడకలో ఉంది. తూటా పేలగానే బోల్టు వెనక్కి దూసుకొస్తుంది. చాలా తుపాకుల్లో అది చివరి గోడను గుద్దుకుని ఆగుతుంది, ఆ దెబ్బ భుజానికి తగులుతుంది. ఇందులో బోల్టుకి పొడవైన దారి ఇచ్చారు. గోడ తగిలేలోపే స్ప్రింగు దాని వేగాన్ని హరించి మళ్లీ ముందుకు పంపుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు గట్టును గుద్దుకుంటే నిలబడ్డవాళ్లు తూలిపోతారు. తాడు కాస్త కాస్తగా బిగిస్తే ఎవరికీ తెలియదు. సింగపూర్ వాళ్ల అల్టిమాక్స్ 100 మెషిన్‌గన్‌లో దాని రూపకర్త జేమ్స్ సలివాన్ వాడిందీ ఇలాంటి సూత్రమే.

తన్నులో పది శాతమే కాల్చేవాడికి తెలుస్తుందని ప్రచారం చేశారు. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. న్యూటన్ సూత్రం ప్రకారం ఊపు మాయమైపోదు. ఆ ఊపంతా సెకనులో వందో వంతు కాలంలో తగిలితే భుజం మీద సగటున సుమారు 140 కిలోల బరువు మోపినట్టు. దాన్నే తర్వాతి తూటా పేలేదాకా, అంటే సెకనులో ఐదో వంతు పొడవునా పరిస్తే, సుమారు 7 కిలోలే. మొత్తం తన్ను అంతే ఉంది, దాని శిఖరమే కూలింది. ఆ గొప్పతనం చాలు, పది శాతం మాట అక్కర్లేదు.

2004లో అమెరికన్ మెరైన్లకు దీన్ని చూపించారు. అయినా సైన్యాలు దీన్ని సాధారణ ఆయుధంగా స్వీకరించలేదు. గుళ్ల తూటా రైఫిల్ తూటాకన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నలభై యాభై మీటర్లు దాటితే గుళ్లు చెదిరి పదును పోతుంది. మెరైన్లు అంతకుముందే, 1999లో, ఇటలీ బెనెల్లీ తుపాకిని ఎంచుకున్నారు. అది ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కటే కాలుస్తుంది. తలుపులు బద్దలుకొట్టడానికీ, ఇరుకు గదుల్లో పోరాడటానికీ అది చాలింది.

గుళ్లు చెదిరే గుణం అడవిలో సైనికుణ్ణి కాపాడింది. కానీ అదే గుణం వల్ల మన దేశంలోనే, కశ్మీర్‌లో, జనసమూహాల మీద పన్నెండు బోరు పంప్ తుపాకుల సన్నగుళ్లు కాలిస్తే 2016లో వందలమందికి కళ్లు గాయపడ్డాయి. ఇంజనీరు కాల్చేవాడి భుజాన్ని కాపాడగలిగాడు గాని, ఎదురుగా ఉన్న గుంపులో ఎవరికి గుండు తగలాలో నిర్ణయించలేకపోయాడు. ఒక్కొక్కటిగా కాల్చేదైనా సరే, జనం గుమిగూడే చోటికి ఈ ఆయుధం రాకూడదు.